ఒక ఇంజను దేశాటనం

మన రోడ్లమీద అర్ధశతాబ్దికి పైగా తిరిగిన అంబాసిడరు కారును ఎరుగనివారు అరుదు. 1950ల చివర కలకత్తా దాపున ఉత్తర్‌పారాలో మొదలైన దాని నిర్మాణం 2014లో ఆగిపోయినది. ఇన్నేళ్ళలోనూ దాని ఆకారం పెద్దగా మారలేదు. కాని లోపలి ఇంజను మాత్రం మారుతూ వచ్చినది. మొదటి బండ్లలో కవాటాలు పక్కగా ఉండే 1,476 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో కవాటాలు నెత్తిమీద ఉండే 1,489 ఘన సెంటీమీటర్ల ‘బి’ తరగతి ఇంజను వచ్చినది. 1990ల తొలినాళ్ళలో జపాను దేశపు ఇసుజు ఇంజను ప్రవేశించినది. ఇక పెట్రోలు ఖర్చు భరించలేక, ఊళ్ళోని మెకానిక్కుల చేత డీజిలు ఇంజను పెట్టించుకొన్న టాక్సీవాళ్ళు ఎందరో! తొడుగు అదే, లోపలి యంత్రం వేరు.

మనవాళ్ళు అవసరం కొద్దీ చేసిన ఈ పనినే ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో వేలాదిమంది సరదాకు చేస్తారు. ఒక పాత స్పోర్ట్స్ కారును కొని, సెలవు దినాలలో ఇంటి పక్క షెడ్డులో దానిని విప్పి, పుట్టినప్పుడు దానిలో లేని ఇంజనును అందులో కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి మెరుగులు దిద్దుతారు. చూసేవారికి ఇది వట్టి పిచ్చిగా తోచవచ్చు. కాని ఈ పిచ్చి వెనుక యంత్రశాస్త్ర చరిత్రలో ముచ్చటైన అధ్యాయం ఒకటి దాగి ఉన్నది. మన అంబాసిడరులోని ‘బి’ తరగతి ఇంజనుకు 1,798 ఘన సెంటీమీటర్ల అన్నగారు ఒకరు ఉన్నారు. అతని నివాసం ఎం. జి. బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఆ నివాసానికి మరొక ఇంజను ఎక్కడెక్కడ తిరిగి వచ్చి చేరినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బలమూ, బరువూ

కారు ఎంత చురుకుగా కదులుతుందో నిర్ణయించేది ఇంజను బలం ఒక్కటే కాదు. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేదే త్వరణం అని న్యూటను రెండవ సూత్రం చెబుతున్నది. కనుక కారును చురుకుగా చేయడానికి రెండే మార్గాలు: బరువు తగ్గించడం, లేదా బలం పెంచడం. బలం పెంచాలంటే సాధారణంగా పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజను అంటే ఎక్కువ ఇనుము, ఎక్కువ ఇనుము అంటే ఎక్కువ బరువు. ఒక చేత్తో ఇచ్చినదానిని మరొక చేత్తో తీసుకొన్నట్లు అవుతుంది.

అంతేకాదు, ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నది కూడ ముఖ్యమే. ఇంజను ముందుభాగాన ఉంటుంది. అక్కడ బరువు అధికమైతే గరిమనాభి ముందుకు జరుగుతుంది. మలుపులో చక్రం తిప్పినా కారు తిన్నగా పోవాలని చూస్తుంది. జడత్వం అంటే ఏమిటో ఆ క్షణంలో పాఠ్యపుస్తకం లేకుండానే డ్రైవరుకు బోధపడుతుంది. ఇంజను మార్చదలచిన వారందరికీ మొదటినుండీ ఎదురవుతున్న చిక్కు ఇదే.

తొలి ప్రయత్నాలు

1932లో అమెరికాలో ఫోర్డు కంపెనీ ఒక సాహసం చేసినది. ‘వి’ అక్షరం ఆకారంలో ఎనిమిది సిలిండర్లు గల ఇంజనును ఒకే దిమ్మగా పోతపోసి, సామాన్యులు కొనగల ధరకు కారులో అమర్చి అమ్మినది. అంతవరకు అటువంటి ఇంజన్లు ధనికుల కార్లకే పరిమితం. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ ఇంజన్లు పాతసామాను కొట్లలో చౌకగా దొరకసాగినవి. కాలిఫోర్నియా కుర్రవాళ్ళు వాటిని తెచ్చి, తేలికపాటి పాత బండ్లలో బిగించి, ముయురాక్ వంటి ఎండిన సరస్సుల గట్టినేలపై పందేలు వేసుకొన్నారు. 1937లో ఆ పందేలకు ఒక సంఘం కూడ ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, సైన్యంలో యంత్రాల పని నేర్చుకొని తిరిగి వచ్చిన యువకులతో ఈ సరదా దేశమంతటా వ్యాపించినది.

ఇంగ్లండులో సిడ్నీ అలార్డ్ అనే ఆయన 1936లోనే ఫోర్డు వి-8 ఇంజనుతో ఒక కారు కట్టుకొన్నాడు. తరువాత ఆయనే చిన్న కంపెనీ పెట్టి, తేలికైన బ్రిటిష్ చట్రాలకు బరువైన అమెరికా ఇంజన్లను జతచేశాడు. 1950లో లె మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో కాడిలాక్ ఇంజను గల ఆయన కారు మూడవ స్థానం పొందినది.

ఈ మార్గంలో అందరికంటె ప్రసిద్ధి చెందినవాడు కారల్ షెల్బీ. టెక్సాసు రాష్ట్రానికి చెందిన ఈయన 1959లో లె మాన్స్ గెలిచి, గుండె జబ్బు కారణంగా మరుసటి ఏడు పందేలు మానుకొన్నాడు. ఆ రోజులలో ఇంగ్లండులోని ఎ. సి. కంపెనీవారు ‘ఏస్’ అనే అందమైన చిన్న కారు తయారుచేసేవారు. దానికి ఇంజను సరఫరా చేసే బ్రిస్టల్ సంస్థ ఆ నిర్మాణం ఆపివేయసాగినది. సంగతి తెలిసి, 1961లో షెల్బీ ఎ. సి. వారికి ఉత్తరం వ్రాశాడు. సరిగా అప్పుడే ఫోర్డువారు పలుచని గోడలతో పోతపోసిన కొత్త వి-8 ఇంజనును తెచ్చారు. అదీ ఇనుమే, కాని పాతవాటితో పోలిస్తే చాలా తేలిక. 1962 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్ దాపున ఒక షెడ్డులో ఆ రెండింటికీ పొత్తు కుదిరినది. ఆ కారే ‘కోబ్రా’. 1965లో అది తన తరగతిలో ప్రపంచ విజేత అయినది.

ఎం. జి. బి. కొరత

1962లో ఆబింగ్‌డన్ కర్మాగారం నుండి వెలువడిన ఎం. జి. బి. ధనికుల కారు కాదు. బడిపంతులు కూడ కొనగల స్పోర్ట్స్ కారని పేరు. 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైనవి. విడిగా చట్రం లేకుండా, రేకు తొడుగే చట్రంగా పనిచేసేటట్లు దానిని గట్టిగా నిర్మించారు. కొరత ఒక్కటే: ఇంజను నమ్మకమైనదే గాని మందకొడి. నిలుపు నుండి గంటకు 60 మైళ్ళ వేగం అందుకొనడానికి 12, 13 సెకన్లు పట్టేది.

ఈ కొరత తీర్చాలని కంపెనీవారు 1967లో 2,912 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇనుప ఇంజను పెట్టి ఎం. జి. సి. అనే కారు తెచ్చారు. ఆ ఇంజను పాతదానికంటె సుమారు 95 కిలోలు బరువెక్కువ. దానిని ఇరికించడానికి బానెట్టు ఉబ్బించవలసి వచ్చినది, ముందు చక్రాల సస్పెన్షను మార్చవలసి వచ్చినది. కారు తిన్నగా వేగంగా పోయినది గాని, మలుపులలో ముక్కు బరువు తెలిసిపోయినది. పత్రికలు పెదవి విరిచినవి. రెండేళ్ళలో, దాదాపు 9,000 కార్లతో దాని కథ ముగిసినది. పైన చెప్పిన చిక్కుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అమెరికా వద్దన్న ఇంజను

ఇక మన కథానాయకుని జన్మవృత్తాంతం. 1961 సంవత్సరపు నమూనాల కోసం అమెరికాలో జనరల్ మోటార్స్‌వారి బ్యూక్ శాఖ ఒక చిన్న వి-8 ఇంజనును రూపొందించినది. దాని దిమ్మ, తలలు కూడ అల్యూమినియం మిశ్రలోహమే. ఇనుము సాంద్రత సుమారు 7.2, అల్యూమినియం సాంద్రత 2.7. ఫలితంగా మూడున్నర లీటర్ల ఈ ఇంజను బరువు 145 కిలోల లోపే ఉన్నది. సాధారణ అమెరికా వి-8 దీనికి దాదాపు రెట్టింపు తూగేది.

అయితే అల్యూమినియం మెత్తని లోహం. పిస్టన్లు నిమిషానికి వేలసార్లు రాపిడి చేస్తే దాని గోడ నిలవదు. అందువల్ల ప్రతి సిలిండరులోను ఇనుప గొట్టం ఒకటి తొడిగారు. ఇక్కడ మరొక చిక్కు. వేడి తగిలినప్పుడు అల్యూమినియం ఇనుముకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి రెంటినీ కలిపి పోతపోయడానికి ఎంతో నేర్పు అవసరం. పోతలో సన్నని రంధ్రాలు పడి చాలా దిమ్మలు పనికిరాకుండా పోయేవి. తగని శీతలద్రవం పోసినచోట లోహం తినివేయబడి రేడియేటర్లు పూడుకొనిపోయేవి. ఈలోగా ఇనుమునే పలుచగా పోతపోసే విద్య అభివృద్ధి చెందినది. ఖర్చు లెక్క చూసుకొని, 1963 తరువాత జనరల్ మోటార్స్‌వారు దీనిని విరమించారు.

తల్లి వద్దన్న బిడ్డను ముగ్గురు చేరదీశారు. మొదటివారు పందెగాళ్ళు. 1962లోనే ఇండియానాపోలిస్ పందెంలో ఈ ఇంజను పరుగెత్తినది. రెండవవారు ఆస్ట్రేలియాలోని రెప్కో సంస్థవారు. దీని జంట అయిన ఓల్డ్స్‌మొబిల్ దిమ్మను ఆధారంగా తీసుకొని, మూడు లీటర్ల పందెపు ఇంజను చేశారు. 1966లో జాక్ బ్రాభమ్ దానితోనే ప్రపంచ విజేత అయినాడు. తన పేరు గల కారుతో ఆ బిరుదు సాధించిన మొదటివాడు ఆయనే.

మూడవది ఇంగ్లండులోని రోవరు కంపెనీ. దాని అధిపతి విలియం మార్టిన్-హర్స్ట్ 1963-64 ప్రాంతాన, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పడవల ఇంజన్లు తయారుచేసే మెర్క్యురీ సంస్థకు వెళ్ళినాడు. అక్కడి పనిశాలలో ఈ ఇంజను ఆయన కంటబడినది. కొలిచి చూస్తే, తమ కార్లలో పట్టేటట్లు ఉన్నది. విచారించగా, దీని నిర్మాణం ఆగిపోయినదని తెలిసినది. 1965లో రోవరువారు హక్కులు కొన్నారు. దీనిని రూపొందించిన వారిలో ముఖ్యుడు, పదవీ విరమణకు దగ్గరపడిన జో టర్లే ఇంగ్లండు వచ్చి సలహాలు ఇచ్చాడు. రోవరువారు ఇసుక అచ్చులలో దిమ్మను పోతపోసి, ఇనుప గొట్టాలను తరువాత ఒత్తి బిగించే పద్ధతిని అవలంబించారు. అమెరికాలో పీడించిన పోత చిక్కులు దీనితో చాలావరకు తీరినవి. 1967 నుండి రోవరు కార్లలోను, 1968లో మోర్గన్‌లోను, 1970లో రేంజ్ రోవరులోను ఈ ఇంజను దర్శనమిచ్చినది. 2004 వరకు సాలిహల్ కర్మాగారంలో తయారవుతూనే ఉన్నది. ఒక కంపెనీ మూడేళ్ళలో పారవేసినదానిని మరొక కంపెనీ నాలుగు దశాబ్దాలు ఉపయోగించుకొన్నది.

కాస్టెల్లో చేసిన పని

కెన్ కాస్టెల్లో కెంటు జిల్లాకు చెందిన పందెగాడు, మెకానిక్కు. 1970 ప్రాంతాన ఆయన ఒక చిన్న లెక్క చూసుకొన్నాడు. ఎం. జి. బి. సిలిండరు వ్యాసం 80.26 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9. వైశాల్యాన్ని నడకతో హెచ్చిస్తే ఒక్కొక్క సిలిండరు సుమారు 450 ఘన సెంటీమీటర్లు. రోవరు ఇంజనులో వ్యాసం 88.9, నడక 71.1, సిలిండరు సుమారు 441. అంటే సిలిండరు పరిమాణం దాదాపు ఒకటే, సంఖ్య మాత్రం రెట్టింపు. మరి బరువో? అల్యూమినియం మహిమ వల్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజనుతో ఇంచుమించు సమానంగా తూగినది! ఎం. జి. సి.ని ముంచిన చిక్కు ఇక్కడ లేనేలేదు.

కాస్టెల్లో ఆ ఇంజనును ఎం. జి. బి.లో కూర్చోబెట్టి, అమ్మకానికి పెట్టినాడు. కార్బ్యురేటర్లు ఇంజను నెత్తిమీద ఉండటం వల్ల బానెట్టుపై ఒక ఉబ్బు తప్పలేదు. కారు మాత్రం పులిలా పరుగెత్తినది. పత్రికలు మెచ్చుకొన్నవి. ఆయన మొత్తం మీద చేసినవి సుమారు రెండు వందలు.

అప్పటికి ఎం. జి., రోవరు రెండూ బ్రిటిష్ లేలండ్ అనే ఒకే సంస్థ కింద ఉన్నవి. అంటే కారూ వారిదే, ఇంజనూ వారిదే. జతచేసినది మాత్రం బయటివాడు. సంస్థ పెద్దలు కాస్టెల్లో కారును తెప్పించి చూశారు. త్వరలోనే ఆబింగ్‌డన్‌లో తమ నమూనా తయారుచేయించారు. 1973 ఆగస్టులో ఎం. జి. బి. జి. టి. వి-8 విడుదలైనది. కార్బ్యురేటర్లను ఇంజను వెనుకకు జరిపి, బానెట్టు ఉబ్బు లేకుండా చేశారు. శక్తి 137 అశ్వసామర్థ్యాలు, అత్యధిక వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. కాస్టెల్లోకు మాత్రం ఇంజన్లు దొరకడం కష్టమైనది. దారి చూపినవానికి దక్కినది కీర్తి మాత్రమే.

అయితే కంపెనీవారినీ అదృష్టం వరించలేదు. విడుదలైన రెండు నెలలకే, అక్టోబరులో, పశ్చిమాసియా యుద్ధంతో ప్రపంచమంతటా చమురు సంక్షోభం వచ్చినది. ఎనిమిది సిలిండర్ల కారు కొనడానికి జనం జంకినారు. 1976లో నిర్మాణం ఆగేనాటికి తయారైనవి 2,591 మాత్రమే. 1980లో ఆబింగ్‌డన్ కర్మాగారమే మూతబడినది.

కాని షెడ్డులలోని ఔత్సాహికులకు కర్మాగారంతో పనేమి? తుప్పుపట్టి మూలపడిన రోవరు కార్ల నుండి ఇంజన్లు చౌకగా దొరికినవి. ఎం. జి. బి.లు లక్షల సంఖ్యలో ఉండనే ఉన్నవి. 1988 నుండి పాత అచ్చులతో కొత్త తొడుగులు సైతం తయారుకాసాగినవి. ఆ ఉత్సాహం చూసే, కంపెనీవారు 1992లో ఆర్. వి. 8 అనే పేరుతో ఇదే జతను మరల విడుదల చేశారు. సుమారు రెండు వేలు తయారైతే, అందులో ఎక్కువ భాగం జపానుకు వెళ్ళినవి.

ఇంజను ఒక్కటే మారదు

ఇంజను మార్పిడి అంటే పాతది తీసి కొత్తది బిగించడమే అనుకొంటే పొరపాటు. కారు ఒక గొలుసు; ఒక లంకె బలపడితే భారం పక్క లంకె మీద పడుతుంది.

మొదట భ్రామకం. వి-8 ఇంజను తిప్పే బలం సుమారు 262 న్యూటన్-మీటర్లు, పాతదానిది 149. అంటే 1.76 రెట్లు. క్లచ్చి, గేరుపెట్టె దీనిని తట్టుకోవాలి. ఇంత బలం ఉన్నప్పుడు ఇంజనును అంత వేగంగా తిప్పవలసిన పని లేదు. అందుకే కర్మాగారంవారు వెనుక ఇరుసు నిష్పత్తిని 3.9 నుండి 3.07కు తగ్గించారు. అప్పుడు చక్రం వద్ద బలం, అదే గేరులో, 1.76 రెట్లకు బదులు సుమారు 1.39 రెట్లే పెరుగుతుంది. కాని ఇంజను నింపాదిగా తిరుగుతూనే కారు వేగంగా పోతుంది. ఈ లెక్క చూసుకోనివాని ఇంజను రోడ్డుమీద ఊరకే అరుస్తుంది.

తరువాత వేడి. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో నాలుగవ వంతు మాత్రమే చక్రాలకు చేరుతుంది. మిగిలినది రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా వేడిగా పోవలసినదే. రెట్టింపు ఇంజనును అదే గూటిలో పెడితే వేడి పోయే దారి ఇరుకవుతుంది. కర్మాగారంవారు రేడియేటరును ముందుకు జరిపి, రెండు విద్యుత్ పంకాలు పెట్టినది ఇందుకే.

అన్నిటికంటె ముఖ్యం బ్రేకులు. గతిజశక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం నూటికి ఇరవై వంతులు పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి నూటికి నలభైనాలుగు వంతులు పెరుగుతుంది. ఈ సంగతి మరచి ఇంజను మాత్రమే మార్చినవాడు ఒంటెద్దు బండికి ఏనుగును కట్టినట్లే. బండి కదలడంలో సందేహం లేదు, ఆగడంలోనే ఉన్నది. ఈ పొరపాటుకు ప్రాణాలతో మూల్యం చెల్లించేది ఆ ఔత్సాహికుడు ఒక్కడే కాదు, దారిన పోయే మనిషి కూడ.

ప్రభుత్వాలు కట్టుదిట్టాలు చేసినది అందుకే. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని ఇష్టానుసారం మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడ ఈ సంగతిని స్పష్టం చేసినది. కనుక ఈ వ్యాసం చదివి స్పానరు పట్టుకొనే విద్యార్థులు ముందు రవాణా కార్యాలయం గడప తొక్కవలెను.

మారినా అదే కారా?

చివరగా ఒక ప్రశ్న. ఇంజను మారిన కారు పాత కారేనా? బ్రిటనులో చిరకాలం అమలు జరిగిన ఒక పద్ధతి దీనికి వింత జవాబు ఇచ్చినది. బాగా మార్చిన బండి తన పాత నంబరు నిలుపుకోవాలంటే, మూల భాగాలకు ఎనిమిది మార్కులు రావాలి. తొడుగుకు లేక చట్రానికి ఐదు, సస్పెన్షనుకు, ఇరుసులకు, గేరుపెట్టెకు, స్టీరింగుకు రెండేసి, ఇంజనుకు ఒక్కటే! మనం గుండె అనుకొన్నదానికి వారు వేసిన విలువ అది.

పురాతన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య మరొక దృష్టితో చూసినది. పాత కారు కూడ ఒక శాసనం వంటిదనీ, ఆనాటి శిల్పుల ఆలోచనను అది మనకు చదివి వినిపిస్తుందనీ, మార్పులు చేయక తప్పకపోతే అవి తిరిగి సరిదిద్దగలవిగా ఉండవలెననీ 2012లో ఆమోదించిన ట్యురిన్ పత్రం ఆశయం. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఐదు లక్షల ఎం. జి. బి.లలో కొన్ని మారితే చరిత్రకు నష్టం లేదు. కాని పదులలో మిగిలిన అరుదైన కారును కోసి కుట్టితే, చింపిన తాళపత్రం వలె అది మరల రాదు. మన ఇష్టం వచ్చినట్లు చేయడానికి ముందు, అటువంటివి లోకంలో ఎన్ని మిగిలినవో లెక్కించుకోవడం వివేకం.

ఇప్పుడు ఈ తర్కం మరల పదునెక్కినది. పాత స్పోర్ట్స్ కార్లలో ఇంజనును తీసివేసి విద్యుత్ మోటార్లు, బ్యాటరీలు అమర్చేవారు బయలుదేరినారు. 2017లో జాగ్వారువారే తమ ప్రసిద్ధమైన ఇ-టైపు కారును ఆ విధంగా మార్చి చూపినారు. పెట్రోలు ఇంజను కొంత వేగం అందుకొంటే గాని పూర్తి బలం చూపదు; విద్యుత్ మోటారు నిలుపునుండే చూపగలదు. కాని బ్యాటరీల బరువు ఎక్కడ ఉంచాలి, గరిమనాభి ఎటు జరుగుతుంది, బ్రేకులు చాలునా అన్న ప్రశ్నలు కాస్టెల్లోను ఎదుర్కొన్నవే. ఇంధనం మారినది గాని న్యూటను మారలేదు.

మా కళాశాల ప్రయోగశాల మూలన ఒక పాత అంబాసిడరు ఇంజను, లోపలి భాగాలు కనబడేటట్లు కోసినది, బల్లమీద ఉన్నది. ఏటా కొత్త విద్యార్థులకు దానిని చూపి, సిలిండరు వ్యాసం, పిస్టను నడక కొలవమంటాను. కొలిచిన తరువాత, దీని అన్నగారిని ఇంటినుండి వెళ్ళగొట్టిన వి-8 కథ చెబుతాను. అంతవరకు సూత్రాలను అప్పచెప్పుతున్న కుర్రవాళ్ళు ఒక్కసారిగా తలలెత్తి, “మరి బ్రేకుల సంగతి ఏమి చేశారండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినరోజు పాఠం వంటబట్టినదని నా నమ్మకం.